నాయిన చెవి, కొత్త ఆంప్లిఫయర్



నారళీ పున్నమి రథోత్సవం హడావిడి తీరింది. ఫొటోలు, వీడియోలు ఇప్పటికే చాలామంది పెట్టారు కాబట్టి మేము మళ్లీ పెట్టడం లేదు. ఈసారి మా ఇంటి సంగతి ఒకటి రాస్తున్నాం. కొంచెం పొడుగుంటుంది. పైకి చూస్తే పాటల డబ్బా కొన్న కథ. సోలాపూర్ పూర్వ భాగ్‌లో సాంచాల మధ్య పెరిగిన మన ఇండ్లన్నిటికీ ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. ఆ మాట చెప్పడానికే ఇదంతా.

మేము అన్నదమ్ములం ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నాయినకు 74 ఏండ్లు. 14 ఏండ్లప్పుడు కార్ఖానాలో అడుగుపెట్టాడు. చద్దర్లు, ఆ తర్వాత టవెళ్లు. మోకాళ్లు మొరాయించేదాకా సాంచాల మధ్యనే బతికాడు. 1984లో దీపావళి బోనస్ చేతికొస్తే, అమ్మ బంగారం అడిగితే, ఆయన పోయి ఒక రేడియో మెకానిక్‌తో ఆంప్లిఫయర్ కట్టించుకొని తెచ్చాడు. కట్టెపెట్టె, ముందర అల్యూమినియం పలక, నాలుగు నాబ్‌లు, పాట వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడే రెండు ముండ్లు. అమ్మ ఆ బంగారం సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

మా ఇంట్లో తెలుగు ఆ పెట్టెలో నుంచే వచ్చింది. ఇద్దరం చదివింది మరాఠీ మీడియంలో. తెలుగు అక్షరాలు పెండ్లిపత్రికల మీద చూసి కూడబలుక్కొని నేర్చుకున్నవే. చెవికి మాత్రం కరువు లేకుండా పోయింది. రాత్రి పూట మీడియం వేవ్ మీద దాదాపు 300 కిలోమీటర్ల అవతలి హైదరాబాద్ కేంద్రం గరగరమంటూ పట్టుకునేది. ఆదివారం పొద్దున ఘంటసాల భగవద్గీత రికార్డు. పండుగలకు ఒగ్గుకథ క్యాసెట్లు. పుస్తకం లేని ఇండ్లలో భాష చెవిలోనే బతుకుతుంది. మనలో చాలామందికి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ పెట్టె రెండేండ్ల కింద మూగబోయింది. అప్పటికే చాలా రోజులుగా గుయ్‌మని మోత. కెపాసిటర్లు ఎండిపోయాయి. వాల్యూమ్ నాబ్ ముట్టుకుంటే బరబర. మెకానిక్ విప్పి చూసి, లోపలి ట్రాన్సిస్టర్లు ఇప్పుడు దొరకవని, దొరికినవి అసలువని నమ్మలేమని చెప్పాడు. నాయిన ఏమీ అనలేదు. దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ కప్పేశాడు, అంతే.

అప్పటికే ఇంట్లో ఇంకోటి జరుగుతోంది. అది మాకు అర్థం కాలేదు.

నాయిన మాట్లాడటం తగ్గించాడు. మనవడు పక్కన కూర్చొని బడి సంగతులు చెబితే మొహం చిట్లించేవాడు. "ఏమంటున్నవ్‌రా? నోట్లె నోట్లె మాట్లాడకు. సాఫ్ మాట్లాడు" అనేవాడు. వాడు మళ్లీ చెబితే, "మీ తెలుగు నాకు సమజ్ కాదు బిడ్డా" అని లేచిపోయేవాడు. వాడి తెలుగులో సగం మరాఠీ ఉంటుంది, ఇంగ్లీషు ముక్కలుంటాయి. మా ఇద్దరికీ సిగ్గనిపించింది. పిల్లలకు భాష అందించలేకపోయాం, అందుకే తాతకు, మనవడికి మధ్య గోడ లేచిందని అనుకున్నాం. సంఘం మీటింగులో తెలుగు క్లాసుల మాట వచ్చినప్పుడు మేమెందుకంత గట్టిగా మాట్లాడామో ఇప్పుడు కొందరికి తెలిసి ఉంటుంది. అది మా ఇంటి గుబులు.

పోయినేడు రథం రోజు ఇంకో దెబ్బ తగిలింది. దగ్గరి చుట్టం, వరసకు మామ, వెనక నుంచి మూడుసార్లు పిలిచాడట. నాయిన తిరిగి చూడలేదు. "పలకరించినా పలకడు, ఎప్పటి నుంచి ఇంత పెద్దోడయ్యిండు?" అని ఆయన నలుగురిలో అన్నాడు. ఆ మాట మా దాకా వచ్చింది. పెండ్లికి పత్రిక పంపలేదు. నాయిన కూడా మీటింగులకు రావడం మానేశాడు. "అందరొక్కసారే మాట్లాడుతరు, ఆడ నాకేం పని" అనేవాడు.

చెవుడని మాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఒకసారి ఒక దుకాణంలో ఏ పరీక్షా చేయకుండానే చెవి మిషన్ ఒకటి అంటగట్టారు. పెట్టుకున్న గంటకే తీసి పారేశాడు. "గిన్నెల చప్పుడు నెత్తిల గుద్దుతున్నది, మాట మాత్రం గట్లనే ఉన్నది" అన్నాడు. పైగా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు, కుక్క మొరిగితే విసుక్కుంటాడు. చెవుడున్నోడు చప్పుడుకు విసుక్కుంటాడా అని మేమే ఆ అనుమానం తీసి పక్కన పెట్టేశాం. తప్పు మాదే.

ఇక ఆంప్లిఫయర్ సంగతికి వద్దాం. అమ్మానాయిన పెండ్లిరోజుకు పాటలకు ఏదైనా కొనాలని ఇద్దరం అనుకున్నాం. చిన్నోడు సౌండ్‌బార్ అన్నాడు. టీవీ కింద పెడితే చాలు, తక్కువలో అయిపోతుంది. పెద్దోడు ఒప్పుకోలేదు. సౌండ్‌బార్‌కు రిమోట్ కావాలి, ఫోన్‌లో యాప్ కావాలి. నాయినకు కండ్ల ఆపరేషనైంది, చిన్న బటన్లు కనబడవు. పదిహేను రోజులు ఇంట్లో ఇదే పంచాయితీ.

చివరికి యమహా కంపెనీ ఆర్-ఎన్600ఏ అనే మోడల్ తెచ్చాం. రెండు స్పీకర్లు వేరేగా కొనాలి. చూడటానికి 1970ల నాటి సరుకులా ఉంటుంది. వెండి రంగు పలక, వరసగా నాబ్‌లు: బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్, లౌడ్‌నెస్, కుడి పక్కన పెద్ద వాల్యూమ్. లోపల మాత్రం ఈ కాలందే. వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, ఇంటర్నెట్ రేడియో ఉంది, ఎఫ్ఎం ఉంది, టీవీకి ఆప్టికల్ తీగ పెట్టుకోవచ్చు, రికార్డ్ ప్లేయర్‌కు వేరే ఫోనో సాకెట్ ఉంది. కంపెనీ మాకేమీ ఇవ్వలేదు, మేము ఎవరినీ కొనమని చెప్పడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

పాత వేషం అందానికే అనుకున్నాం. వాడాక తెలిసింది, నాబ్‌కు అసలు విలువ చేతికి ఉంటుంది. ట్రెబుల్ నాబ్ నడిమధ్యకు రాగానే వేలికి చిన్నగా 'టిక్'మని తగులుతుంది. చీకట్లో కూడా అది ఎక్కడుందో తెలుస్తుంది. పాట ఆగిపోకుండానే కొంచెం కొంచెం మార్చి చూసుకోవచ్చు. పెద్దోళ్లకు మెనూలు, యాప్‌లు నేర్పేకంటే ఇది ఎంతో నయం.

మొదటి రోజు నాయిన గుడ్డ తీసినట్టే పక్కకు జరిగి కూర్చున్నాడు. ఫోన్‌లో ఆకాశవాణి యాప్ తెరిచి హైదరాబాద్ కేంద్రం పెట్టాం. గరగర లేదు, గాలికి ఆగిపోయే పని లేదు. పది నిమిషాలు విన్నాడు. లేచి వెళ్లి ఒక్కొక్క నాబ్ తిప్పి చూశాడు. ట్రెబుల్ పూర్తిగా కుడికి తిప్పేశాడు. మాకు చెవులు కోసినట్టు 'స్... స్...' అని వినిపిస్తోంది. ఆయన మొహం మాత్రం విచ్చుకుంది. "ఇప్పుడు మాట విడివిడిగ వస్తున్నది" అన్నాడు.

మాకు అక్కడ తట్టింది. మనకు సహించలేనిది ఆయనకు సరిపోతోందంటే ఆయన చెవిలో అదే లేదన్నమాట. ఆ వారమే చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి సరైన పరీక్ష చేయించాం. చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, ఒక్కో స్వరం వినిపించి, ఎంత మెల్లగా పెట్టినా వినగలడో గీత గీస్తారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. నాయిన గీత ఎడమ నుంచి 1000 హెర్ట్జ్ దాకా దాదాపు బాగానే నడిచింది. ఆ తర్వాత బావిలో పడ్డట్టు కిందికి జారింది. 4000 దగ్గర 70 డెసిబెల్లు పెడితేగాని వినబడటం లేదు. కుడి చెవి ఇంకా అధ్వానం.

డాక్టర్ గీత చూడగానే "ఏం పని చేసేవారు?" అని మరాఠీలో అడిగాడు. మేము చెప్పకముందే "యంత్రమాగ్?" అని ఆయనే అన్నాడు.

డాక్టర్ చెప్పింది, మాకు అర్థమైనంత వరకు, ఇది. సాంచాల షెడ్డులో చప్పుడు మామూలుగా 90 డెసిబెల్లు దాటుతుంది. రోజుకు 8 గంటల లెక్కన ఏండ్ల తరబడి 85 దాటిన చప్పుడులో ఉంటేనే చెవికి ముప్పు. నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ చప్పుడుకు, ఏండ్లు గడిచేకొద్దీ, లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని కణాలు మెల్లమెల్లగా చస్తాయి. చచ్చినవి తిరిగి మొలవవు. మొదట పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. నొప్పి ఉండదు, అందుకే తెలియదు.

ఇక భాష సంగతి. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలం ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటుంది. స, శ, చ, త, ఫ లాంటి హల్లుల బలం ఎక్కువగా పై స్వరాల్లో ఉంటుంది. నాయినకు అచ్చులు అందుతున్నాయి, హల్లులు అందడం లేదు. అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. నోట్లో నోట్లో మాట్లాడినట్టే ఉంటుంది. నలుగురు ఒక్కసారే మాట్లాడితే ఇంకేమీ దొరకదు. ఇలాంటి చెవికి ఇంకో గుణం ఉంది. మెల్లని చప్పుడు వినబడదు, పెద్ద చప్పుడు మాత్రం మనకంటే ఎక్కువ బాధపెడుతుంది. వినబడేదానికి, భరించలేనిదానికి మధ్య ఎడం తగ్గిపోతుంది. కుక్క మొరిగితే ఎందుకు విసుక్కున్నాడో, దుకాణం మిషన్ ఎందుకు పనికిరాలేదో అప్పుడు తెలిసింది. ఆ మిషన్ అన్నిటినీ ఒక్క తీరుగా పెంచింది. పెంచాల్సింది కొన్నింటినే.

ఇంటికొచ్చే దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. పిల్లల తెలుగు పాడైపోయిందని మేము మూడేండ్లు బాధపడ్డాం. వాణ్ని "తాతతో సరిగ్గా మాట్లాడు" అని ఎన్నిసార్లు కసిరామో. వాడు తప్పు మాట్లాడతానన్న భయంతో తాత దగ్గరికి పోవడమే మానేశాడు. నాయిన తనకు వినబడటం లేదన్నది ఒప్పుకోలేక "సమజ్ కాదు" అన్నాడు. మేము దాన్ని భాషకు చుట్టాం. ముసలాయన చెవి పోతే పసివాడి నాలుకను తప్పుపట్టాం.

ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నామో రాస్తాం. ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిది, గీత చూసి సరిచేసిన చెవి మిషన్ రెండు చెవులకూ పెట్టించాం. దానికి అలవాటు పడటానికి నాయినకు రెండు నెలలు పట్టింది. ఆంప్లిఫయర్ ట్రెబుల్ నాబ్ చెవి మిషన్‌కు బదులు కాదు. అది అన్నిటికంటే పైనున్న స్వరాలను ఎక్కువ లేపుతుంది, మాటకు కావాల్సిన 4000ను కొంచెమే లేపుతుంది. మాకు అది జబ్బును చూపించింది, అంతే.

రెండోది, బ్యాలెన్స్ నాబ్. నాయినకు ఎడమ చెవి మేలు. అందుకని ఆయన కుర్చీని ఒక స్పీకర్ దగ్గరికి జరిపి, ఎడమ చెవి దానివైపు ఉండేలా పెట్టాం. బ్యాలెన్స్ ఆ పక్కకు కొంచెం తిప్పాం. అమ్మ గదికి ఈ చివర కూర్చుంటుంది. ఆయనకు చాలినంత, ఆమెకు తలనొప్పి రానంత. ఇంతకుముందు వాల్యూమ్ కోసం రోజూ పోట్లాటే. మన పాత పాటలు, హరికథలు ఎక్కువ మోనో రికార్డింగులే కాబట్టి ఒక పక్కకు జరిపినా పోయేదేమీ లేదు.

మూడోది, లౌడ్‌నెస్ నాబ్. దీన్ని చాలామంది తప్పుగా వాడతారు, మేమూ వాడాం. శబ్దం తగ్గించినప్పుడు మనిషి చెవికి కింది స్వరాలు, పై స్వరాలు నడిమి స్వరాల కంటే ఎక్కువ తగ్గినట్టు వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే రాత్రి మెల్లగా పెడితే మృదంగం మాయమైపోతుంది. ఈ యంత్రంలో ముందు లౌడ్‌నెస్‌ను 'ఫ్లాట్' మీద ఉంచి, వాల్యూమ్‌ను మీరు వినే అతి పెద్ద మోతకు పెట్టుకోవాలి. ఆ తర్వాత వాల్యూమ్ ముట్టకుండా లౌడ్‌నెస్ నాబ్‌తోనే శబ్దం తగ్గించాలి. పక్కింటికి వినబడదు, మృదంగమూ పోదు.

నాలుగోది, పాత రికార్డులు. ఫోనో సాకెట్ ఉంది కదా అని పాత ప్లేయర్ తీగ అందులో పెట్టేశాం. పాటంతా చెడిపోయి గోలగా వచ్చింది. ఆ సాకెట్ మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ కోసం. దాని నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, దాన్ని చాలా పెంచాలి. మన ఇండ్లలోని సూట్‌కేస్ మాదిరి పాత ప్లేయర్లలో చాలావాటికి సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాని శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. తీసి మామూలు లైన్ సాకెట్‌లో పెడితే ఘంటసాల గొంతు చక్కగా వచ్చింది.

ఐదోది క్యాసెట్. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాం. 1987లో మా నాయనమ్మ, ఆమె చెల్లెండ్లు వాకిట్లో బతుకమ్మ ఆడుతుంటే నాయిన టేప్ చేశాడు. ఆ క్యాసెట్ పెట్టాం. ట్రెబుల్ పెంచితే టేపు బుస కూడా పెరుగుతుంది, అయినా పెంచాం. చప్పట్లు, గొంతులు, మధ్యలో ఎవరో పిల్లను తిట్టడం. పాట ఆగిన చోట నాయనమ్మ పక్కామెతో ఏదో చెబుతోంది. ఆ ఒక్క మాటలోనే మూడు మరాఠీ ముక్కలున్నాయి. మనవడు పక్కున నవ్వాడు. "తాతా, మీ అమ్మ కూడా నా లెక్కనే మాట్లాడిందిగా!" అన్నాడు.

నాయినకు ఆ మాట మొదటిసారికే వినబడింది. ఆయనా నవ్వాడు. "మరేమనుకున్నవ్? ఈడికొచ్చి ఎన్నేండ్లాయె మనం" అన్నాడు. ఆ రోజు నుంచి వాడు బడి నుంచి రాగానే తాత దగ్గరే. పాటలో తెలియని మాట వస్తే అడుగుతాడు, ఆయన చెబుతాడు, ఆయనకూ తెలియకపోతే ఇద్దరూ అమ్మను అడుగుతారు. తెలుగు క్లాసులు వద్దని మేము అనడం లేదు. అక్షరాలు రావాలి. కానీ పిల్లల నాలుక మీద కోపం తెచ్చుకునే ముందు ఇంట్లో పెద్దోళ్ల చెవి ఒకసారి చూపించండి.

ఆ మామ సంగతి. ఆడియోగ్రామ్ కాగితం తీసుకొని మేమిద్దరం వాళ్లింటికి పోయాం. ఆయనా సాంచాల మీద పనిచేసినోడే. కాగితం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాక్కూడ ఫోన్ల మాట సమజ్ కాదురా" అన్నాడు. వచ్చే వారం ఆయన్ని కూడా పరీక్షకు తీసుకుపోతున్నాం. ఈసారి రథం ముందు ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఒకరి మాట ఒకరికి ఎంత వినబడిందో మాకు తెలియదు.

సంఘానికి మా మనవి రెండే. ఏటా పెట్టే కండ్ల పరీక్ష, షుగర్ పరీక్ష శిబిరంతో పాటు చెవి పరీక్ష కూడా పెడదాం. ఖర్చులో మా వంతు మేము ఇస్తాం. కార్ఖానాలు నడిపే మన సభ్యులు పనివాళ్లకు చెవిలో పెట్టుకునే ఫోమ్ బిరడాలు కొనివ్వండి. దూది పెట్టుకుంటే దాదాపు లాభం లేదు. బిరడాను వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చెవి పైకి లాగి లోపలికి పెట్టాలి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఒక చద్దర్ ఖరీదులో చాలామందికి వస్తాయి. నాయిన పని చేసిన ఏండ్లన్నీ అవి లేకుండానే పోయాయి.

ఇంకోటి. మీ ఇండ్లలో పాత క్యాసెట్లు, రికార్డులు, పెండ్లి పాటల టేపులు ఉంటే పారేయకండి. ఆదివారం సాయంత్రం మా ఇంటికి తీసుకురండి, విందాం. అమ్మ చాయ్ పెడుతుంది. నాయిన కుర్చీ మాత్రం జరపకండి, స్పీకర్‌కు అది కొలిచి పెట్టింది.

పాత పెట్టె ఎక్కడికీ పోలేదు. కొత్తదాని పక్కనే ఉంది, గుడ్డ తీసేశాడు. నిన్న రాత్రి కొత్తదాని ట్రెబుల్ తిప్పుతూ, "దీని చెవి మెలిపెడితే నా చెవి తెరుచుకున్నది" అన్నాడు. అమ్మ వెంటనే, "నలబై ఏండ్ల కింద నా బంగారం మెలిపెట్టినవ్, అది ఎప్పుడు తెరుచుకుంటది?" అంది.

అది కూడా ఆయనకు మొదటిసారికే వినబడింది. కానీ పలకలేదు.